మగదనుకున్న ఇగ్వానా గుడ్లు పెట్టబోతోంది, ఎలా కాపాడుకోవాలి?

ఒక పాఠకురాలి నుంచి పెద్ద ఉత్తరం వచ్చింది. పేరు వేయొద్దని కోరారు. అందులోని విషయం క్లుప్తంగా ఇదీ.

రెండేళ్ల కిందట ఆవిడ తమ్ముడు పైచదువులకు వేరే దేశం వెళ్తూ, తాను పెంచుకుంటున్న పచ్చ ఇగ్వానాను, అంటే ఒక పెద్ద బల్లిజాతి జంతువును, అక్కకు అప్పగించాడు. కొన్నాళ్లే కదా అన్నాడు. మగదని చెప్పి భీముడు అని పేరు పెట్టిందీ అతనే. ఇప్పుడు దానికి నాలుగేళ్లుంటాయి. మూడు వారాలుగా తిండి తగ్గిస్తూ వచ్చి, ఐదు రోజులుగా ఏమీ ముట్టడం లేదు. పొట్ట మాత్రం పెరిగింది, రెండు పక్కలా ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. రోజంతా కేజ్ మూలల్లో గీకుతోంది. అద్దానికి రాసుకుని రాసుకుని ముక్కు మీద చర్మం లేచింది. బయటికి వదిలితే నేరుగా బాల్కనీలోకి పోయి పూలకుండీలో మట్టంతా ముందుకాళ్లతో తోడి పోసింది.

కడుపులో గడ్డ అని భర్త అంటున్నారు. తెలిసినవాళ్లొకరు మలబద్ధకమని, ఆముదం పట్టించమని చెప్పారు. కుక్కలనూ పిల్లులనూ చూసే డాక్టరొకరు, తానెప్పుడూ ఇలాంటి జంతువుకు వైద్యం చేయలేదంటూనే, ‘గుడ్లేమో’ అన్నారు. ఇంతవరకు మగ ఇగ్వానా మొహమే చూడనిది గుడ్లెలా పెడుతుందని ఈవిడ అనుమానం. తిండి మానేసిందన్న భయంతో రెండుసార్లు ఆకుల గుజ్జు సిరంజితో నోట్లో పోశారు, అది గింజుకుంది. తమ్ముడికి ఫోన్ చేస్తే ‘ఏం కాదక్కా, దాని పని అదే చూసుకుంటుంది’ అన్నాడు. నాలుగేళ్ల కూతురు బుజ్జి ఇగ్వానాలు వస్తాయని సంబరపడుతోంది. ఒక్క పిల్ల కూడా ఇంట్లో ఉండడానికి వీల్లేదు, అసలు దీన్నే ఎక్కడైనా చెట్లున్న చోట వదిలేద్దామని భర్త పట్టుబడుతున్నారు. ‘ఇది నేను కోరి తెచ్చుకున్నది కాదు. కానీ చచ్చిపోతే నా చేతుల్లోనే చచ్చిపోతుంది. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. దీన్నెలా కాపాడాలి? గుడ్లు వస్తే ఏం చేయాలి?’ అని ముగించారు.

అమ్మా, ముందు ఇవాళే ఆపేయాల్సినవి చెప్తాను, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. సిరంజితో తినిపించడం ఆపండి. ఆముదం ఆలోచన మానుకోండి. ఇంట్లో ఎవరూ దాని పొట్ట నొక్కొద్దు, గుడ్లు కిందికి జరుగుతాయని నిమరడం కూడా వద్దు. ఇగ్వానా గుడ్డుకు కోడిగుడ్డులాంటి గట్టి పెంకు ఉండదు, మెత్తటి తోలులాంటి పొర ఉంటుంది. ఆ పొర కూడా ఇంకా కట్టకపోతే లోపలున్నవి వట్టి పచ్చసొన ముద్దలే. ఒత్తిడికి అవి పగిలి సొన కడుపులో పడిందంటే లోపలంతా వాచిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఎత్తుకోక తప్పకపోతే ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి వెనకకాళ్ల దగ్గర పెట్టి, పొట్ట నొక్కుకుపోకుండా ఎత్తండి. చెయ్యి పక్కనుంచి పోనివ్వండి, పైనుంచి కాదు. ఇగ్వానా నడినెత్తి మీద వెలుగునీడలను పసిగట్టే మూడో కన్నులాంటి చిన్న భాగం ఒకటి ఉంటుంది. పైనుంచి నీడ పడితే ఏ గద్దో వచ్చిందన్నట్టు బెదిరి గింజుకుంటుంది. ఇప్పుడు అది గింజుకోవడం మంచిది కాదు.

ఇక మీ భయం సంగతి. మూలల్లో గీకుతోంది, కుండీ మట్టి తోడింది అని రాశారు కదా, ఉత్తరం మొత్తంలో నాకు ధైర్యంగా అనిపించింది ఆ మాటే. జబ్బు చేసిన ఇగ్వానా ఒక మూల పడి ఉంటుంది, కళ్లు మూసుకుంటుంది, రంగు మాడుతుంది. తిండి మానేసి, పొట్ట పెరిగి, అయినా ఒక్కచోట నిలవకుండా తిరుగుతూ తవ్వుతోందంటే అది గుడ్లు పెట్టడానికి చోటు వెతుక్కుంటోందన్నమాట. చివరి రెండు మూడు వారాల్లో, ఒక్కోసారి నాలుగు వారాల దాకా, ఆడ ఇగ్వానాలు తిండి బాగా తగ్గించేస్తాయి, కొన్ని పూర్తిగా మానేస్తాయి. పొట్టలో గుడ్లు నిండిపోయి తిండికి చోటు ఉండదు. మలం తగ్గడం కూడా అందుకే. కాబట్టి తినకపోవడం ఒక్కటే చూసి బెంగపడకండి. నీళ్లు తాగుతోందా, తల ఎత్తి చూస్తోందా, మీరు దగ్గరికి వెళ్తే కళ్లు తిప్పుతోందా అన్నవి చూడండి. నేనైతే రోజూ ఈ మూడే గమనిస్తాను.

మగతోడు లేకుండా గుడ్లేమిటని అడిగారు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెట్టినట్టే ఇది కూడా. రెండు నుంచి నాలుగేళ్ల మధ్య ఈడుకు వచ్చిన ఆడ ఇగ్వానా శరీరం ఏడాదికోసారి, కాలం వచ్చినప్పుడు, గుడ్లు తయారుచేసుకుంటుంది. జత కట్టకపోతే అవి పిల్లలు కాని వట్టి గుడ్లు, అంతే తేడా. మోయడంలో, పెట్టడంలో దాని శరీరం పడే కష్టం మాత్రం ఒకటే. ఒక్కో కాన్పుకు సుమారు 20 నుంచి 70 దాకా గుడ్లుంటాయి. మగదని మీ తమ్ముడు పొరబడటంలో వింత లేదు, చిన్నప్పుడు తేడా తెలియదు. పెద్దయ్యాక వెనక తొడల లోపలి వైపు వరసగా కనిపించే రంధ్రాలు మగవాటికి పెద్దగా, మైనం గడ్డకట్టినట్టు పొడుచుకుని ఉంటాయి. ఆడవాటికి చుక్కల్లా చిన్నగా ఉంటాయి. దాన్ని కదిలించకుండా, కొమ్మ ఎక్కినప్పుడో మరెప్పుడో కనిపిస్తే చూడండి.

అయితే ఇది గుడ్లేనని నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. మీవారు గడ్డ అంటున్నారు, ఆ అనుమానాన్ని కొట్టిపారేయకండి. తేల్చేది ఎక్స్‌రే. పొర కట్టిన గుడ్లయితే ఎక్స్‌రేలో ద్రాక్షగుత్తిలా కనిపిస్తాయి, ఇంకా పొర కట్టకపోతే అల్ట్రాసౌండ్‌లో తెలుస్తుంది. ఈ వారంలోనే తీయించండి. ‘గుడ్లేమో’ అన్న ఆ డాక్టరైనా ఫరవాలేదు. తనకు తెలియదని ఒప్పుకున్న మనిషి, అంటే జాగ్రత్తగానే ఉంటారు. కుక్కకు తీసే యంత్రంతోనే దీనికీ తీయొచ్చు. ఆ ఫిల్మును సరీసృపాలను చూసే డాక్టరుకు పంపి ఫోన్లో మాట్లాడమని అడగండి. పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో అలాంటివారు దొరికే అవకాశం ఎక్కువ. ఎక్స్‌రేతో పాటు రక్తంలో కాల్షియం కూడా చూడమనండి. గుడ్లు ఎన్ని కనిపిస్తున్నాయో లెక్క అడిగి రాసుకోండి, ఆ అంకెతో తర్వాత పని ఉంది. తీసుకెళ్లేటప్పుడు గాలి ఆడే మూత ఉన్న డబ్బాలో తువ్వాలు పరిచి, చీకటిగా, వెచ్చగా ఉంచి తీసుకెళ్లండి.

మీ తమ్ముడు అన్న మాటలో నిజముంది, కానీ సగమే. చెట్ల మధ్య, ఎండలో, కావలసినంత మట్టి ఉన్నచోట బతికే ఇగ్వానా పని అదే చూసుకుంటుంది. పనామాలో గాటున్ సరస్సు మధ్యలో ఒక చిన్న దీవి ఉంది. ఎండాకాలంలో ఆడ ఇగ్వానాలు ఈదుకుంటూ అక్కడికి చేరి, మంచి చోటు కోసం ఒకదాన్నొకటి తరుముకుంటూ సొరంగాలు తవ్వి గుడ్లు పెడతాయి. తొలి వానల నాటికి పిల్లలు పైకి వస్తాయి. గుడ్లు పెట్టడానికి అవి అంత దూరం వెళ్తాయి, అంత కష్టపడతాయి. మీ భీముడికి ఉన్నదేమో అద్దాల గది, దాని నేల మీద గోళ్లు జారిపోవడమే. తనకు నచ్చిన చోటు దొరక్కపోతే ఇగ్వానా గుడ్లను కడుపులోనే ఆపేసుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ అవి లోపలే బిగుసుకుపోతాయి. పెంపుడు ఇగ్వానాలకు గుడ్లు అడ్డుపడటానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. ఇది మనం తీర్చగలిగినది, ఈ సాయంత్రమే తీర్చగలిగినది. కాబట్టి పెట్టె గురించి కాస్త వివరంగా చెప్తాను.

మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ పెట్టె తీసుకోండి, దుప్పట్లు దాచుకునే సైజుది. భీముడు లోపలికి పోయి, పూర్తిగా వెనక్కి తిరిగి, తలతో బయటికి రాగలిగినంత వెడల్పు ఉండాలి. ఒక చివర గోడకు పై భాగంలో, దాని ఉబ్బిన పొట్ట కూడా సులువుగా పట్టేంత రంధ్రం కోసి, అంచులు గీసుకుపోకుండా టేపు అంటించండి. లోపల మట్టి, ఇసుక కలిపి కనీసం 30 సెంటీమీటర్ల ఎత్తు పోయండి, ఇంకా ఎక్కువైతే ఇంకా మంచిది. ఎరువులు, పురుగుమందు తగలని మట్టి కావాలి. దాన్ని తడిపి, పిడికిట్లో పట్టి నొక్కి చూడండి. ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. ఆ ముద్దలో వేలు గుచ్చి తీస్తే రంధ్రం అలాగే నిలబడాలి, కూలిపోతే ఇసుక ఎక్కువైందన్నమాట. ఈ చిన్న పరీక్ష తప్పకుండా చేయండి. సొరంగం తవ్వుతుంటే మట్టి తన మీదే కూలిపోతే అది విసుగెత్తి బయటికి వచ్చేస్తుంది. మట్టి వెచ్చగా, 30 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉండాలి. చల్లటి మట్టిలో గుడ్లు పెట్టదు. వేడి చేసే ప్యాడ్ వాడితే పెట్టె బయట, పక్క గోడకు ఆనించి పెట్టండి, లోపల కాదు. మూత వేసి చీకటి చేయండి. ఒక మూలన మీరే పిడికెడంత లోతుకు తవ్వి వదలండి, దారి చూపించినట్టు ఉంటుంది.

పెట్టె కేజ్‌లో పట్టకపోతే ఒక గదిని దానికి కొన్నాళ్లు వదిలేసి అక్కడ పెట్టండి. తర్వాత చాటుగా ఉండనివ్వండి. మూత తీసి తీసి చూస్తే తవ్వడం ఆపేస్తుంది. పాపకు ఇది కష్టమే, మీకు అంతకన్నా కష్టం. తవ్వడం, బయటికి రావడం, మళ్లీ పోవడం రోజుల తరబడి సాగొచ్చు. అద్దానికి ముక్కు రాసుకోకుండా కేజ్ కింది సగానికి బయటివైపు కాగితం అంటించండి. బయట దారి కనపడకపోతే అద్దాన్ని తొయ్యడం తగ్గుతుంది. ముక్కు పుండు తడిగా, వాపుగా కనిపిస్తే డాక్టరుకు అదే రోజు చూపించండి.

ఇప్పుడు కాల్షియం. మీ ఉత్తరంలో తిండి గురించి, కేజ్ గురించి, మీవారి కోపం గురించి ఉంది. లైటు ఊసే లేదు. అదే నన్ను కలవరపెట్టింది. ఇగ్వానాకు తిన్న కాల్షియం ఒంటపట్టాలంటే చర్మం మీద ఎండలో ఉండే యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలు పడి డీ3 విటమిన్ తయారవ్వాలి. యూవీబీ ట్యూబు చూడటానికి ఏళ్ల తరబడి వెలుగుతూనే ఉంటుంది, కానీ దాదాపు 6 నుంచి 12 నెలల్లో అందులోంచి వచ్చే యూవీబీ పడిపోతుంది. మీ తమ్ముడు వెళ్లి రెండేళ్లయింది. ఆయన బిగించి వెళ్లిన ట్యూబే ఇంకా ఉంటే దాన్ని వెంటనే మార్చండి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ సరిపోదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది. గుడ్ల పొరకు కాల్షియం కావాలి, గుడ్లను బయటికి తోసే కండరాలకు కూడా కావాలి. అది చాలకపోతే శరీరం ఎముకల్లోంచి లాగుతుంది. ఎముకలు మెత్తబడతాయి, కండరాలకు తోసే శక్తి ఉండదు. కాలివేళ్లు, కాళ్లు సన్నగా అదురుతున్నాయేమో గమనించండి. అది కనిపిస్తే కాల్షియం పడిపోయిందని అర్థం, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే.

వేడి కాచుకునే చోట 35 నుంచి 38 డిగ్రీలు, మిగతా కేజ్‌లో పగలు 27 నుంచి 32, రాత్రి 24కు తగ్గకుండా చూడండి. చేత్తో తాకి అంచనా వేయకండి, థర్మామీటర్ పెట్టండి. ఆకులు రోజూ పొద్దున కొంచెం పెట్టండి. ఆవ ఆకు, టర్నిప్ ఆకు, మందార ఆకులూ పూలూ, మల్బరీ ఆకులు, ఏదైనా సరే కడిగి తడిగానే పెట్టండి. తింటే మంచిది, వదిలేస్తే తీసేయండి. పాలకూర మాత్రం వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని కట్టేస్తాయి. బలం కోసమని ఉడికించిన గుడ్డో మాంసమో పెట్టకండి, ఇగ్వానా పూర్తి శాకాహారి, ఆ ప్రొటీన్ మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఫాస్ఫరస్ లేని కాల్షియం పొడి ఎంత ఇవ్వాలో రక్తపరీక్ష చూశాక డాక్టరు చెప్తారు. డీ3 చుక్కలు మీరుగా మొదలుపెట్టొద్దు, ఎక్కువైనా ప్రమాదమే. రోజూ ఒకసారి వెడల్పాటి టబ్బులో గోరువెచ్చటి నీళ్లు, దాని భుజాల ఎత్తుకు మించకుండా పోసి, పావుగంట కూర్చోనివ్వండి. దగ్గరే ఉండండి. చాలా ఇగ్వానాలు ఆ నీళ్లే తాగేస్తాయి. ఒంట్లో నీరు తగ్గితే గుడ్లు జారవు.

ఇక మీ ముందున్న దారుల్లో ఏది పట్టుకోవాలన్నది. ఎక్స్‌రేలో గుడ్లని తేలి, రక్తం బాగుండి, భీముడు హుషారుగా ఉంటే, పెట్టె పెట్టి వేచి చూడటం మొదటి దారి. ఖర్చు తక్కువ, దానికి బాధ తక్కువ, చాలావరకు ఇలాగే గట్టెక్కుతాయి. కానీ వేచి చూడటమంటే వదిలేయడం కాదు, రోజూ కళ్లతో కనిపెట్టుకుని ఉండాలి. ఉద్యోగంతోనో పాపతోనో అంత వీలుకాదనుకుంటే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి, రెండు మూడు రోజులకోసారి చూపించుకోవచ్చు.

పెట్టె ఉన్నా పెట్టలేకపోతే, కాల్షియం తక్కువుంటే, ఇంజెక్షన్ల దారి. కాల్షియం, నీళ్లు ఎక్కించి, తర్వాత గుడ్లను బయటికి తోయించే ఆక్సిటోసిన్ అనే మందు ఇచ్చి చూస్తారు. తాబేళ్లలో పనిచేసినంత నమ్మకంగా ఇది బల్లిజాతిలో పనిచేయదు. పైగా గుడ్డేదైనా వంకరగానో పెద్దదిగానో ఉండి దారికి అడ్డంగా ఉంటే ఈ మందు ఇవ్వకూడదు, లోపల చిరిగిపోతుంది. ఎక్స్‌రే లేకుండా ఆక్సిటోసిన్ ఇస్తామంటే మీరు వద్దనండి, మొహమాటపడకండి.

మూడోది ఆపరేషన్. గుడ్లు ఇరుక్కుపోతే ఇక ఇదే దారి. పచ్చసొన దశలోనే ఆగిపోయి గుడ్లుగా మారకుండా ఉండిపోతే కూడా ఇదే, ఎందుకంటే వాటికి పెట్టెలూ ఇంజెక్షన్లూ పనిచేయవు. నీరసించిపోయాక చేస్తే మత్తు తట్టుకోవడం కష్టం, కాస్త ఓపిక ఉన్నప్పుడు చేస్తే కోలుకునే అవకాశం ఎక్కువ. అందుకే డాక్టరు ఆపరేషన్ మాట ఎత్తితే ‘ఇంకో వారం చూద్దాం’ అనే ముందు, ఆ వారంలో దాని ఓపిక ఎంత తగ్గొచ్చని అడగండి. చేసేవారు సరీసృపాల మీద చెయ్యి తిరిగినవారై ఉండాలి. కుడివైపు అండాశయం పెద్ద రక్తనాళానికి ఆనుకుని ఉంటుంది. పైగా గుడ్ల గొట్టాలు తీసి అండాశయాలు వదిలేస్తే వచ్చే ఏడాది గుడ్లు నేరుగా కడుపులోకి విడుదలవుతాయి. రెండూ తీస్తారా అని తప్పక అడగండి.

ఎప్పుడు ఆగకూడదో కూడా తెలుసుకోండి. తల ఎత్తకుండా పడి ఉండటం, పిలిచినా కళ్లు తెరవకపోవడం, కాళ్లు అదరడం, గంటల తరబడి ముక్కుతున్నా ఏమీ రాకపోవడం, తోక కింద నుంచి రక్తమో దుర్వాసనతో నీరో కారడం, ఎర్రటి కండ బయటికి జారడం. వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా ఆసుపత్రే. కండ జారితే లోపలికి నెట్టకండి, తడిగుడ్డ కప్పి తీసుకెళ్లండి. కొన్ని గుడ్లు పెట్టి ఆగిపోయి, ఒక రోజు గడిచినా తక్కినవి రాకపోతే అప్పుడూ డాక్టరే. ఎక్స్‌రేలో లెక్క రాసుకోమన్నది ఇందుకే. పెట్టెలోంచి తీసిన గుడ్లను లెక్కపెట్టి పోల్చి చూసుకోవచ్చు.

గుడ్లు పెట్టేసిన రోజు దాన్ని చూసి మీరు మళ్లీ భయపడతారు, అందుకే ముందే చెప్తున్నాను. ముక్కు మీద మట్టితో, పొట్ట ఒక్కసారిగా పీక్కుపోయి, పక్కల చర్మం వదులుగా మడతలు పడి, తుంటి ఎముకలు తేలి కనిపిస్తుంది. నీళ్లు ఆబగా తాగుతుంది. ఒకటి రెండు రోజుల్లో తిండి మొదలుపెడితే అంతా బాగున్నట్టే. కొన్ని వారాలు ఆకులు, కాల్షియం, వెచ్చదనం దండిగా ఇవ్వండి. వారం దాటినా తినకపోతే, లేదా పొట్ట ఉబ్బు పోకపోతే, మళ్లీ ఎక్స్‌రే.

గుడ్లను ఏం చేయాలన్నది నిజానికి మీ ఇంట్లో అనుకుంటున్నంత పెద్ద చిక్కు కాదు. రెండేళ్లుగా మగది దగ్గరికి రాలేదు కాబట్టి అవి వట్టి గుడ్లే అయివుంటాయి. అంతకుముందు ఎప్పుడైనా మగదానితో కలిపి ఉంచారా అని తమ్ముణ్ని ఒక్కమాట అడగండి. మీకు ఏమాత్రం అనుమానమున్నా, పెట్టిన రోజే గుడ్లను ఫ్రీజర్లో పెట్టి తర్వాత పారేయడం సరైన పద్ధతి. పిండం ఉన్నా ఇంకా తొలిదశలోనే ఉంటుంది. పొదిగించాలనుకునేవాళ్లకు అయ్యే పని వేరే ఉంది. గుడ్డును పెట్టిన తీరు మారకుండా, తిరగేయకుండా తీసి, 29 నుంచి 31 డిగ్రీల దగ్గర, తేమలో, మూడు నెలల పైచిలుకు కనిపెట్టుకుని ఉండాలి. అన్నీ పొదిగితే ఒకేసారి ముప్పయ్యో నలభయ్యో పిల్లలు. ఒక్కొక్కటి మనిషంత పొడవు పెరిగి, బాగా చూసుకుంటే 15 ఏళ్లకు పైగా బతుకుతుంది. అన్నిటికీ మంచి ఇళ్లు దొరకడమన్నది జరిగే పని కాదు. అన్యదేశపు జంతువులను పెంచడానికీ పిల్లలు చేయించడానికీ చాలాచోట్ల అనుమతులూ కావాలి. ఇంత ఆలోచించాక కూడా పొదిగించమని మీకు చెప్పలేను.

పాపకు నిజమే చెప్పండి. ఈ గుడ్లకు నాన్న లేడు కాబట్టి వీటిలోంచి పిల్లలు రావని చెప్తే నాలుగేళ్ల పిల్లకు అర్థమవుతుంది. గుడ్లు వచ్చాక గుమ్మంలో నిలబడి మీతో పాటు లెక్కపెట్టనివ్వండి, అదే పెద్ద పండగ. తాకనివ్వకండి మాత్రం. ఇక్కడ మీవారి భయానికి కారణముంది. ఆరోగ్యంగా ఉన్న ఇగ్వానా మలంలో కూడా విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు, ఐదేళ్లలోపు పిల్లలకు అది తీవ్రంగా సోకుతుంది. భీముణ్ని, మట్టిని, నీళ్ల టబ్బును తాకాక సబ్బుతో చేతులు కడగండి. దాని గిన్నెలు వంటింటి సింకులో కడగొద్దు. మనుషులు స్నానం చేసే టబ్బులో దాన్ని కూర్చోబెట్టొద్దు. ఈ కట్టుబాట్లు మీరే ముందు పెట్టి మీవారికి చెప్తే, ఆయన కోపంలో సగం అక్కడే తగ్గొచ్చు. ఆయన కోరేదీ పాప క్షేమమే కదా.

చెట్లలో వదిలేయడమన్నది మాత్రం వద్దని ఆయనకు గట్టిగా చెప్పండి. ఇది మధ్య, దక్షిణ అమెరికా ప్రాంతపు జంతువు. ఫ్లోరిడాలో, ప్యూర్టోరికోలో ఇలా వదిలేసినవీ తప్పించుకున్నవీ పెరిగి పెరిగి తోటలను తినేస్తూ, గట్లలో బొరియలు చేస్తూ పెద్ద సమస్యగా మారాయి. ఇంకో మాట, గుడ్లతో ఉన్నదాన్ని, కేజ్‌లో ఆకులు తిని పెరిగినదాన్ని బయట వదిలితే అది బతికే అవకాశం తక్కువ. దాన్ని ఉంచుకోలేమని ఇద్దరూ అనుకుంటే, గుడ్లు పెట్టి కోలుకున్నాక, ఇగ్వానాలను పెంచిన అనుభవం ఉన్నవాళ్లకు అప్పగించండి. అందులో తప్పేమీ లేదు. ఇప్పుడు మాత్రం చోటు మార్చకండి. కొత్తచోటుకు తీసుకెళ్తే ఆ బెదురుకే గుడ్లు ఆపేసుకోవచ్చు.

తమ్ముడితో ఇంకోసారి మాట్లాడండి, ఈసారి నిద్రలేని అక్కగా కాదు, కాగితం పెన్నూ పట్టుకుని. ట్యూబు ఎప్పుడు మార్చాడు, ఇదివరకు ఎప్పుడైనా ఇలా పొట్ట పెరిగిందా, మగదానితో ఉందా అన్నవి అతను మాత్రమే చెప్పగలడు. డాక్టరు ఖర్చులో వాటా అడగడానికీ, ఎన్నాళ్లకు తిరిగి తీసుకెళ్తాడో అడగడానికీ మీరు సంకోచించనక్కర్లేదు. కొన్నాళ్లే అన్నది రెండేళ్లయింది. మీ మీద పడ్డ భారం మీరు కోరి తెచ్చుకున్నది కాదని మీరే రాశారు. ఆ మాట నాకు రాసినట్టే అతనికీ చెప్పండి. ఫోన్ పెట్టేసేలోపు ఆపరేషన్ అవసరమైతే ఎవరు నిర్ణయించాలి, డబ్బు ఎవరిది అన్నది తేల్చుకోండి. అర్ధరాత్రి ఆసుపత్రిలో నిలబడి ఆ మాటలు మాట్లాడుకోవడం ఎవరికీ మంచిది కాదు.

ఈసారి క్షేమంగా గట్టెక్కినా, వచ్చే ఏడాది ఇంచుమించు ఇదే కాలానికి మళ్లీ గుడ్లు వస్తాయి. ఏటా వస్తూనే ఉంటాయి. ఏటా పెట్టె, కాల్షియం, ఎక్స్‌రేతో చూసుకుంటామంటే చాలా ఇగ్వానాలు ఏళ్ల తరబడి బాగానే ఉంటాయి. కానీ వయసు పైబడేకొద్దీ, ఒకసారి గుడ్లు ఇరుక్కుంటే, ముప్పు పెరుగుతుంది. అది కోలుకుని, ఒళ్లు చేసి, కడుపులో గుడ్లు లేని రోజుల్లో అండాశయాలు తీసేయించడం ఇంకో పద్ధతి. మత్తు, కోత, ఖర్చు ఒక్కసారే, తర్వాత ఈ బెడద ఉండదు. అనుభవమున్న డాక్టరు అందుబాటులో ఉంటే నాకు రెండోదే నచ్చుతుంది, లేకపోతే మొదటిదే మేలు. ఎటు వెళ్లినా, ఇప్పుడు తిండి తగ్గించిన తేదీ, తవ్వడం మొదలుపెట్టిన తేదీ, గుడ్లు పెట్టిన తేదీ, ముందూ తర్వాతా బరువు ఒక కాగితం మీద రాసి కేజ్ మీదే అంటించండి. వచ్చే ఏడాది ఆ తేదీలకు రెండు నెలల ముందే ట్యూబు మార్చి, కాల్షియం మొదలుపెట్టి, మట్టి పెట్టె సిద్ధం చేసుకోవచ్చు.